సంఘపు లెక్కలకు స్వంత గాదె

రైతు పండించిన ధాన్యమునకు గాదె యెంత ముఖ్యమో, రైతు చెల్లించిన సొమ్మునకు లెక్క యంత ముఖ్యము. ధాన్యము నెలుక తినినచో కంటికి కనబడును. లెక్క చెడినచో కనబడదు. అది చెడినదని తెలియునాటికి చేతిలోని రసీదు చినిగిపోయి యుండును, పద్దు వ్రాసిన గుమాస్తా వేరొక యూరికి పోయి యుండును, సాక్ష్యము చెప్పదగిన పెద్దమనిషి కాలము చేసి యుండును. కావున మన సంఘముల లెక్క లెక్కడ నిలువ యున్నవి, ఎవరి స్వాధీనమున నున్నవి, చెడినచో వానిని తిరిగి యెట్లు రాబట్టవచ్చును అను మూడు ప్రశ్నలను ప్రతి సభ్యుడును అడుగవలసిన కాలము వచ్చినదని మేము తలంచుచున్నాము.

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గ మొక పథకము నంగీకరించినది. 63,000 సంఘములు, 5 సంవత్సరముల గడువు, 2,516 కోట్ల రూపాయల వ్యయము అని ఆనాటి నిర్ణయము. దేశమంతటికిని ఒకే తీరు సాఫ్ట్‌వేరు, లెక్కలన్నియు దూరమున నుండు నిలువశాలలో భద్రపరచుట అనునవి ఆ పథకమునందలి ముఖ్యాంశములు. మేము దీనిని మనసార హర్షించుచున్నాము. చేతివ్రాత ఆవర్జాల చాటున ఋణమెరుగని వాని పేర ఋణము వ్రాయుట, చెల్లించిన వాయిదాను జమకట్టకుండుట మున్నగు దురాచారములు సహకారోద్యమమునకు ఎంత చెడ్డపేరు తెచ్చినవో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాగితమునుండి యంత్రమునకు మారుట మేలే. అయితే యంత్రములో వ్రాసినంత మాత్రమున లెక్క చిరంజీవి యగునను భ్రమ మాత్రము తగదు.

ఒక్క యుదాహరణము చాలును. స్వల్పకాలిక పంటఋణమునకు నూటికి 7 రూపాయల వడ్డీ. గడువులోపల అప్పు తీర్చిన రైతునకు అందులో 3 రూపాయల రాయితీ కలదు. ఈ రాయితీ యంతయు ఒక్క తేదీపై ఆధారపడి యున్నది. రైతు గడువునకు ముందు నాడు చెల్లించెనా, మరునాడు చెల్లించెనా యనుదానికి సంఘపు పద్దు ప్రధానమైన సాక్షి. ఆ పద్దు చెరిగినను, మారినను, దొరకకున్నను నష్టము రైతుదే. లక్ష రూపాయల అప్పుపై నూటికి 3 రూపాయల చొప్పున ఏడాదికి 3,000 రూపాయలు. చిన్న కమతము గలవానికి ఇది చిన్న మొత్తము కాదు. తాకట్టు విడుదల పత్రము దొరకనిచో కలుగు నష్టము దీనికన్న అనేక రెట్లు. ఆస్తి అమ్మబోయిన నాడో, బిడ్డ పెండ్లికి అప్పు తేబోయిన నాడో పాతఋణ మింకను నిలిచియున్నదని చూపబడినచో ఆ రైతు ఎవరితో మొరపెట్టుకొనవలెను?

దూరపు నిలువశాలలు గొప్పవే. వానికి మంచి కాపలా యుండును. అయినను ఒక్కచోటనే సమస్తమును ఉంచుట యెట్టి అపాయమో యిటీవలి సంగతులు రెండు చాటుచున్నవి. 2024 జూలై చివరి దినములలో మనదేశమున చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవ లందించు ఒక సంస్థపై దుండగులు దాడిచేసి, దస్త్రములకు తాళము వేసి సొమ్ము కోరు రాన్సమ్‌వేర్ అను దుష్టతంత్రమును ప్రయోగించిరి. అందువలన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపు సేవలు తాత్కాలికముగ నిలిచిపోయినవి. ఇక దక్షిణ కొరియా దేశమున డేజాన్ నగరములోని ప్రభుత్వ నిలువశాలలో 2025 సెప్టెంబరు 26వ తేదీన అగ్ని ప్రమాదము జరిగినది. ప్రభుత్వోద్యోగులు తమ పత్రములను దాచుకొను జి-డ్రైవ్ అను నిలువలో 858 టెరాబైట్ల సమాచారము దగ్ధమైపోయినది. వేరొకచోట దానికి ప్రతి లేకుండెను. యంత్రవిద్యలో అంత ముందంజ వేసిన దేశమునకే యట్టి గతి పట్టినప్పుడు, మన లెక్కలకు రెండవ ప్రతి యెక్కడ నున్నదని యడుగుట అపరాధము కాదు.

మన ప్రాంతపు వారికి దస్త్రముల నాశనము క్రొత్త సంగతి కాదు. పూర్వము గ్రామ కరణములు తాటియాకులపై వ్రాసిన కవిలెలను చెదలు తినినవి. తరువాత కాగితపు దస్త్రములను వరద నీరు మ్రింగినది. ఎర్రకాలువ పొంగినచో నల్లజర్ల, తాడేపల్లిగూడెము, నిడదవోలు ప్రాంతములలో చేలు మునుగుట మన మెరుగుదుము. తమ్మిలేరు, బుడమేరు తెచ్చు నీరంతయు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవలెను. అది పోవుటకు ఆలస్యమైనచో లంకగ్రామములు ఎన్ని దినములు నీటిలో నుండునో ఆ ప్రాంతపు సభ్యులకు తెలియును. ఇదిగాక జిల్లాల మార్పు. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన విభజింపబడగా, నిన్నటిదాక ఏలూరునకు పోవుచుండిన నల్లజర్ల రైతు నేడు రాజమహేంద్రవరమువైపు చూడవలసి వచ్చినది. సరిహద్దులు మారినను, కార్యాలయములు మారినను, సంఘము మాత్రము ఊరిలోనే యున్నది. ఊరిలోనున్న సంఘమునకు తన లెక్కల ప్రతి తనకడ లేకుండుట యేమి న్యాయము?

కావున మా సూచన యిది. ప్రతి సంఘమును, లేక నాలుగైదు సంఘములు కలిసియు, తమ దస్త్రములకొక చిన్న నిలువ సర్వరును స్వంతముగ ఏర్పాటు చేసికొనవలెను. అందు వాడు సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్సు అనబడునది, అనగా దాని మూలలిపి అందరును చదువుటకు తెరచి యుంచబడినది, కావలెను. ఇది జాతీయ పథకమునకు పోటీ కాదు. అధికార లెక్క అక్కడనే యుండును. మన గాదెలో నుండునది సాక్షిప్రతి.

ఈ సాంకేతిక విషయమును రైతుభాషలో చెప్పుట కష్టము కాదు. కంప్యూటరులోని డిస్కు ఒక పెద్ద గిడ్డంగి వంటిది. ఏ బస్తా యే వరుసలో నున్నదో తెలుపు పట్టీయు, సరకు లోనికి చేర్చి వెలికి తీయు క్రమమును కలిపి ఫైల్ సిస్టమ్ అందురు. గిడ్డంగి యెంత గట్టిదైనను, పట్టీ చెడినచో సరకు ఉండియు లేనట్లే. పాత పద్ధతులలో నొక లోపముండెను. పద్దు వ్రాయుచుండగ మధ్యలో కరెంటు పోయినచో సగము క్రొత్త వ్రాత, సగము పాత వ్రాతగ నిలిచిపోవును. దీనికి మొదటి మందు మన గుమాస్తా లెప్పుడో కనుగొనినదే. వారు ముందు చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కింతురు. ఎక్కించుచుండగ ఆటంకము కలిగినను చిట్టా చూచి సరిచేయవచ్చును. లినక్స్ అను ఓపెన్ సోర్సు వ్యవస్థలో 2001లో చేరిన ఇ.ఎక్స్.టి.3 అను ఫైల్ సిస్టమ్‌ను, 2008లో దాని తరువాత వచ్చిన ఇ.ఎక్స్.టి.4ను ఈ చిట్టా పద్ధతినే యనుసరించినవి.

అంతకన్న మేలైన పద్ధతి జడ్.ఎఫ్.ఎస్. అనునది. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ అను నిపుణులు 2001లో దీనిని ప్రారంభించిరి. 2005లో దాని మూలలిపి బహిరంగపరుపబడెను. ఇందు పాత పద్దును చెరిపి దానిపైననే వ్రాయుట లేదు. క్రొత్త పద్దును ఖాళీ పుటలో పూర్తిగ వ్రాసి, అది సరిగ ముగిసిన పిమ్మటనే పట్టీని మార్చును. కనుక మధ్యలో కరెంటు పోయినను పాతదైనను నిండుగ నుండును, క్రొత్తదైనను నిండుగ నుండును. సగము సగము ఉండదు. తాడేపల్లిగూడెము చుట్టుపట్ల వేసవిలో కరెంటు వచ్చిపోవు తీరెరిగినవారికి దీని విలువ వేరుగ చెప్పనేల?

రెండవ గుణము ముద్ర. పూర్వము కళ్ళములో రాశి పోసి, కొలతకు ముందెవరును ముట్టకుండ దానిపై ముద్ర వేయు నాచార ముండెడిది. గింజ కదలినచో ముద్ర చెదరును. జడ్.ఎఫ్.ఎస్. ప్రతి పుటకును లెక్కగట్టిన ముద్ర నొకదానిని వేరొకచోట నుంచును. చదివినపుడెల్ల ముద్ర సరిచూచును. డిస్కు పాతబడి ఒక అంకె మారినను, తీగ చెడి తప్పు చదివినను, ముద్ర చెదరుటచే తప్పు బయటపడును. రెండు డిస్కులను జంటగ పెట్టి రెంటిలోను ఒకే దస్త్రము నుంచినచో, చెడిన పుట స్థానమున మంచి పుటను అదియే తిరిగి వ్రాయును. నెలకొకసారి గాదె యంతయు తిరుగవేసి ముద్రలన్నియు సరిచూడుమని దానికి ఆజ్ఞ యొసగవచ్చును. సామాన్యమగు ఫైల్ సిస్టములు దస్త్రమునందలి ప్రతి పుటకును ఇట్టి పరీక్ష చేయవు. చెడిన అంకెనే నిజమైన అంకెవలె మన చేతికిచ్చును. 7 వేలు 1 వేయి యగుట, 1 వేయి 7 వేలగుట రైతునకు చిన్న సంగతి కాదు.

మూడవ గుణము స్నాప్‌షాట్. ఫలానా దినమున సాయంకాలము 6 గంటలకు ఆవర్జా యెట్లుండెనో అట్లే నిలుపు చిత్రమది. తరువాత నెవరు దిద్దినను ఆ చిత్రము మారదు. దుండగులు దస్త్రములకు తాళము వేసినను నిన్నటి చిత్రమునుండి తిరిగి తెచ్చుకొనవచ్చును. లోపలివారెవరైన పాతతేదీ పద్దును మార్చినను నిన్నటి చిత్రము, నేటి చిత్రము ప్రక్కప్రక్కన పెట్టి తేడా చూడవచ్చును. అయితే సర్వరుపై సర్వాధికారము గలవాడు చిత్రములను సైతము తీసివేయగలడు. కావున లెక్క వ్రాయువాడే లెక్కకు కాపలా యుండరాదు. గాదె తాళపుచెవి కార్యదర్శి చేతిలో గాక, పాలకవర్గమున నిద్దరి చేతిలో నుండవలెను. యంత్రము మనుష్యుని నిజాయితీకి బదులు కానేరదు. దొంగతనమును కష్టతరము చేయగలదు, అంతమాత్రమే.

ఈ గాదెను సంఘములోని కంప్యూటరులన్నియు తీగద్వారా వాడుకొనుటకును సాధనములు సిద్ధముగ నున్నవి. విండోస్ యంత్రములును లినక్స్ యంత్రములును ఒకే నిలువను పంచుకొనుటకు వీలగు సాంబా అను సాఫ్ట్‌వేరును ఆస్ట్రేలియా దేశస్థుడు ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ఆరంభించెను. ఫ్రాన్సు దేశస్థుడు ఒలివియే కొషార్ 2005లో ఫ్రీనాస్ అను దానిని వెలువరించెను. మామూలు కంప్యూటరునే నిలువ సర్వరుగ మార్చు ఈ సాధనము నేడు ట్రూనాస్ అను పేర ప్రసిద్ధము. వీనిని దింపుకొనుటకు వెల లేదు.

ఓపెన్ సోర్సు పైననే మాకింత పట్టుదల యేల? అది సహకార సూత్రమునకు సోదరి కనుక. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు కలిసి దుకాణము పెట్టినపుడు వారి సంకల్పమేమి? తమ అవసరము తీర్చు సాధనము తమ స్వాధీనమున నుండవలెననియే గదా. ఇక్కడను అంతే. జడ్.ఎఫ్.ఎస్. చరిత్రయే దీనికి నిదర్శనము. 2010 జనవరిలో సన్ కంపెనీని ఒరాకిల్ కంపెనీ కొనెను. ఆ సంవత్సరము ఆగస్టులో మూలలిపిని బహిరంగముగ వెలువరించుట మానెను. మామూలు సరకైనచో వాడుకదారులు క్రొత్త యజమాని గుమ్మమున నిలువవలసినదే. కాని అప్పటికే బహిరంగమైన మూలలిపి యెవరును తిరిగి తీసికొనలేనిది. దానిని పట్టుకొని వివిధ దేశముల, వివిధ సంస్థల పనివారు కూడి 2013లో ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్. అను ఉమ్మడి యుద్యమమును స్థాపించిరి. అది నేటికిని సాగుచున్నది. షావుకారు తలుపు మూసినను ఉమ్మడి చెరువు ఎండలేదు.

దీనికి భిన్నముగ, మూసియుంచిన సాఫ్ట్‌వేరులో లెక్కలు వ్రాసిన సంఘము ఆ కంపెనీకి పాలేరు వంటిది. ఏటేట రుసుము పెంచినను కట్టవలెను. కంపెనీ మూతపడినచో మన లెక్క మనకే తెరచుకొనదు. భారత ప్రభుత్వము సైతము 2015లో తన కార్యాలయములందు ఓపెన్ సోర్సునకు మొగ్గు చూపు విధానమును ప్రకటించినది. మన తెలుగువారిలోను హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థ ఇట్టి స్వతంత్ర సాఫ్ట్‌వేరును ప్రజలలో వ్యాపింపజేయుటకు పాటుపడుచున్నది. సర్కారు కార్యాలయములకు మేలైనది సహకార సంఘములకు కీడగునా?

మా మాటకు కొన్ని ఆక్షేపణలు రాగలవు. యజమాని లేని సరకు చెడినచో ఎవరిని పట్టుకొనవలె నందురు. న్యాయమైన ప్రశ్నయే. 2023 నవంబరులో ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్.లోనే దస్త్రములను చెరుపగల దోషమొకటి బయటపడెను. అరుదైన సందర్భములలోనే కలుగునదైనను, అది దోషమే. అయితే జరిగినదేమి? వాడుకదారులే దానిని కనిపెట్టి బహిరంగముగ చర్చించిరి. ఆ నెలలోపలనే సవరించిన ప్రతులు వెలువడెను. దోషము లేని యంత్రము లేదు. దోషమును దాచలేని పద్ధతిని మన మెన్నుకొనవలెను. అందుచేతనే ఏ యొక్క సాఫ్ట్‌వేరును, ఏ యొక్క డిస్కును పూర్ణముగ నమ్మరాదు. జంట డిస్కులున్నంత మాత్రమున రెండవ ప్రతి యున్నట్లు కాదు. పిడుగు పడినను, నీరు వచ్చినను, దొంగ యెత్తుకొని పోయినను రెండును కలిసియే పోవును.

ఖర్చు మాటయందురు. లెక్క చూతము. ఒక సంఘమున 2,000 మంది సభ్యులున్నారనుకొందము. ఒక్కొక్కరి సభ్యత్వపు దరఖాస్తు, వాటా పత్రము, తాకట్టు, రసీదులు కలిపి 25 పుటలు. వెరసి 50,000 పుటలు. స్కాను చేసిన పుటకు 1 మెగాబైటు చొప్పున 50 గిగాబైట్లు. నేడు అంగడిలో సామాన్యముగ దొరకు 4 టెరాబైట్ల డిస్కులో ఇది ఎనుబదియవ వంతు మాత్రమే. కావలసినది మోస్తరు కంప్యూటరు ఒకటి, క్రొత్త డిస్కులు రెండు, కరెంటు పోయినచో ఆదుకొను యు.పి.ఎస్. ఒకటి. ఖర్చు సరకుకన్న పనికే యెక్కువ. కాగితములను వరుసపెట్టి స్కాను చేయు ఓపిక, నెలకొకసారి పరీక్షించు శ్రద్ధ కావలెను.

నేర్పరులెక్కడ నున్నారందురు. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ మన పొలిమేరలోనే యున్నది. మన రైతుబిడ్డలు ఎందరో ఈ విద్య నేర్చి హైదరాబాదునను విదేశములందును కొలువు చేయుచున్నారు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన అట్టి యువకుని రెండు దినములు సంఘమునకు పిలిచి పని నేర్పుమన్నచో కాదనునా? ఒకసారి నెలకొల్పిన పిమ్మట నెలనెల చూచుకొనుట మన గుమాస్తాకు నేర్వరాని విద్య కాదు.

ఇక రహస్యము మాట. సభ్యుల ఆధారు, అప్పు, ఆస్తి వివరములు సంతలో పరచునవి కావు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము దృష్ట్యాను సంఘము జాగ్రత్త వహింపవలెను. నిలువయంతయు సంకేతలిపిలో నుంచినచో డిస్కు దొంగ చేతికి చిక్కినను చదువలేడు. మూలలిపి బహిరంగమనిన మన దస్త్రములు బహిరంగమని యర్థము కాదు. తాళముచేయు విద్య అందరికిని తెలిసియుండవచ్చును. మన తాళపుచెవి మాత్రము మన మొలలోనే యుండును.

ఇచ్చటనే సహకారమునకు చక్కని తావున్నది. కొల్లేటి ప్రక్క పల్లపు గ్రామముల సంఘములకు వరద భయము. నల్లజర్ల వైపు మెట్ట సంఘములకు ఆ భయము తక్కువ. పల్లపు సంఘమొకటి, మెట్ట సంఘమొకటి జతకూడి, ఒకరి లెక్కల ప్రతి నొకరు దాచిపెట్టుకొన రాదా? 2019 నుండి ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్.లో సంకేతలిపిలో నున్న దస్త్రమును తాళము తీయకయే వేరొక సర్వరునకు పంపు సౌకర్యము కలదు. ఆనాడు మారిన పుటలు మాత్రమే పోవును గనుక కాలము, ఖర్చు స్వల్పము. దాచిపెట్టువారికి పెట్టె యుండును, తాళపుచెవి యుండదు. వరదలనాడు పల్లపు రైతు తన పశువులను మెట్టకు తోలుకొని పోవుట, మెట్టవారు వానికి చోటిచ్చుట మనకు క్రొత్త కాదు. పశువులకు చేయు నుపకారమును పద్దులకును చేయుదము.

పైవారు చేయుదురని కనిపెట్టుకొని యుండినచో ఈ పని కొల్లేటి చాంతాడువలె సాగుచునే యుండును. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ దిగువ తీర్మానముల నాలోచింపగోరెదము. ఒకటి, సంఘపు మూలపత్రములన్నియు ఒక సంవత్సరములోగా స్కాను చేయుట. రెండు, జాతీయ సాఫ్ట్‌వేరునుండి ప్రతి మాసాంతమున సభ్యులవారీ నిలువల పట్టీని తీసి స్వంత సర్వరులో నుంచుట, దాని ప్రతిని నోటీసు పలకపై గాక ప్రతి సభ్యునకు విడివిడిగ నిచ్చుట. మూడు, సర్వరులోని సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్సుదై యుండుట. నాలుగు, పొరుగు సంఘముతో ప్రతిమార్పు ఒడంబడిక చేసికొనుట. అయిదు, ఆరు మాసములకొకసారి పాలకవర్గము సమక్షమున నిలువనుండి ఒక పాత పత్రమును తిరిగి తీసి చూపుట. ఈ యైదవది యన్నిటికన్న ముఖ్యము. తెరచి చూడని పాతరలో ధాన్యమున్నదను నమ్మకముతో కరవునకు ఎదురుపోవువాడు తెలివిగలవాడు కాడు.

మన తాతలు 1904 నాటి సహకార చట్టము నీడలో అణాలు కూడబెట్టి సంఘములు కట్టిరి. ఆ సొమ్మునకు వారు కోరిన రక్షణ ఇనుప పెట్టె, రెండు తాళములు, చదివి వినిపించు లెక్క. నేడు పెట్టె రూపము మారినది. రెండు తాళములును, చదివి వినిపించు లెక్కయు మారనక్కరలేదు. వానిని నిలుపుకొనుట సభ్యుల చేతిలోనే యున్నది.